స్పోర్ట్స్ కోటా మీద పడి ఏడ్చేవాళ్లతో రెండు మాటలు

రైల్వేలో ఎవరికో స్పోర్ట్స్ కోటా కింద ఉద్యోగం వచ్చిందని పేపర్లో పడితే చాలు, మా సాఫ్ట్‌వేరు జనాలకి ఎక్కడలేని ధర్మాగ్రహం పుట్టుకొస్తుంది. "బంతి తన్నినందుకు గవర్నమెంటు జీతమా? మన టాక్సు డబ్బులా?" అంటారు. ఒలింపిక్స్ రాగానే మళ్ళీ అదే నోటితో, "ముప్ఫై లక్షల జనం కూడా లేని లిథువేనియా బాస్కెట్‌బాల్‌లో అంత పైకెళ్ళిందే, ఇన్ని కోట్లమందిమి మనకేం రోగం?" అని నిట్టూరుస్తారు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి అనగా చెవులారా విన్నాను.

సరే, ఆ లిథువేనియా సంగతే చూద్దాం. అర్విదాస్ సబోనిస్ అని ఏడడుగుల పైచిలుకు మనిషి. 1964లో కౌనాస్‌లో పుట్టాడు, ఆ ఊరి జల్గిరిస్ జట్టులోనే పేరు తెచ్చుకున్నాడు. అప్పట్లో అది సోవియట్ యూనియన్. అక్కడ ప్రొఫెషనల్ ఆటగాళ్ళు అన్న మాటే లేదు, కాగితం మీద అందరూ అమెచ్యూర్లే. తిండి, జీతం, కోచ్ అన్నీ ప్రభుత్వం చూసుకునేది. అంటే, పేరు వేరు గానీ అదీ ఒక స్పోర్ట్స్ కోటాయే! 1986లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ జట్టు ఎంచుకున్నా వెళ్ళనివ్వలేదు. మడమ దగ్గర నరం తెగి, ఇంకా పూర్తిగా కోలుకోకుండానే 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఆడి బంగారు పతకం తెచ్చాడు. చివరికి 1995లో, ముప్ఫై దాటాక పోర్ట్‌లాండ్ చేరేసరికి కాళ్ళు అరిగిపోయున్నాయి. అయినా 2003 దాకా ఆడాడు, 2011లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎక్కాడు. కాబట్టి సర్కారు పోషణ అంతా పుణ్యమే అని నేననను. పెట్టిన చెయ్యే పిండుకుంది కూడా. కానీ పెట్టిన చెయ్యి లేకపోతే సబోనిసే లేడు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. తులసీదాస్ బలరాం పేరు ఎంతమందికి తెలుసు? సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రాడు. హైదరాబాదు కోచ్ రహీమ్ సాబ్ కంట్లో పడ్డాడు. ప్రాక్టీసుకి రావడానికి సైకిలు అద్దె డబ్బులు కూడా ఆయనే ఇచ్చేవారట. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం వచ్చిన జట్టులో బలరాం ఉన్నాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం, ఆ ఏడే అర్జున అవార్డు. 1963లో ఊపిరితిత్తుల జబ్బు చేసి, ఇరవై ఏడో ఏటికల్లా ఆట మానేశాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన సాఫ్ట్‌వేరులో ఇరవై ఏడంటే ఇంకా సీనియర్ అన్న పదం కూడా తగిలించుకోని వయసు. బలరాంకి కెరీర్ మొత్తం అప్పటికే ఐపోయింది. ఇప్పటి క్రికెటర్లలాగా కాంట్రాక్టులా, ప్రకటనలా? ఈస్ట్ బెంగాల్‌కి అన్ని గోల్స్ కొట్టినా ఆ క్లబ్బు పెన్షనేం ఇవ్వదు. నిలబెట్టింది సౌత్ ఈస్టర్న్ రైల్వే ఉద్యోగం. పక్కనే ఆడిన పీకే బెనర్జీదీ ఈస్టర్న్ రైల్వేనే, 1958లో ఆ జట్టుతోనే కలకత్తా లీగు గెలిచాడు. పీకేకి, చునీ గోస్వామికి పద్మశ్రీలు వచ్చాయి, ముగ్గురిలో మనవాడికి మాత్రం రాలేదు. 2023 ఫిబ్రవరిలో పోయాడు. మన తెలుగు టీవీలు ఆ రోజు దేని మీద చర్చ పెట్టాయో మీరే గుర్తు తెచ్చుకోండి.

"అవి పాత రోజులు బాబూ" అంటారా? ధోనీ 2001 నుంచి ఖరగ్‌పూర్‌లో టికెట్లు తనిఖీ చేశాడు. 2024 పారిస్‌లో షూటింగ్‌లో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే కూడా అప్పటికి రైల్వే టీటీఈనే. మధ్యతరగతి కింద పుట్టినవాడికి ఈ దేశంలో క్లబ్బు, స్పాన్సరు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఆ ఒక్క ఉద్యోగమే. దాన్ని దొడ్డిదారి అంటే మరి రాజమార్గం ఏదో చూపించండి. అకాడమీ ఫీజు కట్టగలిగినవాడి కొడుకే ఆడాలా?

అలాగని రైల్వే వాళ్ళకి దండం పెట్టేసి ఊరుకోను. నెల్లూరు, కావలి మధ్య మా బిట్రగుంట వచ్చి చూడండి. ఆవిరింజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్డు, యార్డు, కాలనీ, ఆంగ్లో ఇండియన్లు... రైలుతోనే ఊరు. రైల్వే కాలనీ అంటే క్వార్టర్లు ఒక్కటే కాదు కదా, ఒక ఇన్‌స్టిట్యూటు, ఒక గ్రౌండు, సాయంత్రం డ్యూటీ దిగి ఆడే పెద్దవాళ్ళు, గట్టు మీద కూర్చుని చూసే పిల్లలు. కోటాలోకి ఎక్కేవాడు తయారయ్యేది అక్కడే. ఆవిరింజన్లు పోయాయి, షెడ్డు మూతపడింది, ఉద్యోగాలు తరలిపోయాయి, క్వార్టర్లు మొండిగోడలయ్యాయి. గట్టు మీద కూర్చునే పిల్లాడు ఎవర్ని చూసి నేర్చుకోవాలి? పైన కోటా ఉంచి కింద గ్రౌండు తీసేస్తే, ఆ కోటా ఎవరికి పోతుందో వేరే చెప్పాలా? సిఫార్సులు, దొంగ సర్టిఫికెట్లు అని మావాళ్ళు చేసే గోలలో కాస్త నిజం ఉంటే, అది ఇక్కడుంది. దాని మీద అరవండి, నేనూ గొంతు కలుపుతాను.

రైల్వే స్థలం ఇంత ఉంది, ఏదో ఒక ప్రాజెక్టు వస్తుందని మా ఊళ్ళో ప్రతి ఎన్నికకీ వింటూనే ఉన్నాం. వస్తే మంచిదే. ఆ ప్లానులో ఓ ఆటస్థలానికి కూడా గీత గియ్యండి అని అడిగిన నాయకుడు మాత్రం ఇంతవరకు నాకు తగల్లేదు.