పుండు ఆరాలా, మానాలా?

ఆటలో పడి మోకాలు చెక్కుకుపోయిందనుకోండి. ఇంట్లో ఏమంటారు? "గుడ్డ కట్టకు, గాలి తగలనీ, అదే ఆరిపోతుంది" అంటారు. కొందరు పసుపు అద్దుతారు, కొందరు కాఫీపొడి. నాలుగు రోజులకు నల్లగా పక్కు కడుతుంది. మీరు దాన్ని గిల్లుతారు, అమ్మ చేతిమీద ఒకటి వేస్తుంది. ఇది అందరికీ జరిగేదే.

మన మాటే చూడండి. ఉతికి ఆరేసిన చొక్కా ఆరిందంటాం, పుండు కూడా ఆరిందనే అంటాం. పుండు తగ్గాలంటే అది ఎండిపోవాలన్న నమ్మకం మన భాషలోనే ఇమిడిపోయింది. మనవాళ్లనే అనుకోకండి, పడమటి దేశాల్లో పెద్ద పెద్ద డాక్టర్లు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. పొడి గాజుగుడ్డ వేసి, పుండును పొడిగా ఉంచితే చాలనేవారు.

1962లో ఇంగ్లండుకు చెందిన జార్జి వింటర్ అనే పరిశోధకుడు ఒక చిన్న ప్రయోగం ఫలితాలు ప్రకటించాడు. పంది చర్మం మన చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఆయన పందుల వీపుమీద పైపైన చిన్న గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలేశాడు, కొన్నిటిమీద పల్చని పాలిథీన్ కాగితం కప్పాడు. కప్పిన గాయాల మీద కొత్త చర్మం సుమారు రెట్టింపు వేగంతో పరుచుకుంది! మరుసటి ఏడు అమెరికాలో హిన్‌మన్, మైబాక్ అనే ఇద్దరు ఇదే ప్రయోగం మనుషుల మీద చేశారు. ఫలితం మారలేదు.

ఎందుకిలా జరుగుతుంది? కొత్త చర్మపు కణాలు గాయం అంచుల నుంచీ, వెంట్రుకల కుదుళ్ల నుంచీ బయలుదేరి పాకుతూ వస్తాయి. పాకడానికి వాటికి చెమ్మ కావాలి. దమ్ము చేసిన మడిలో నారు ఎంత తేలికగా దిగుతుందో చూశారు కదా, ఎండి బీటలు వారిన చేలో దిగుతుందా? గాయం ఎండితే పైన పక్కు గట్టిపడుతుంది, దాని కింది కణజాలం కూడా కొంత ఎండి చస్తుంది. అప్పుడు కొత్త కణాలు ఆ పక్కు అడుగుకు దిగి, తడి ఉన్న చోటు వెతుక్కుంటూ, దారి తవ్వుకుంటూ పోవాలి. అంటే మనం పక్కును చూసి "తగ్గిపోయింది" అని సంతోషిస్తున్న సమయంలో, దాని కింద పని ఆలస్యమవుతోందన్నమాట.

సరే, పుండుమీద పాలిథీన్ సంచీ చుట్టేస్తే పోలేదా? పోదు. పాలిథీన్ గుండా ఆవిరి సరిగా పోదు. దాని కింద చర్మం నాని పాచిపోతుంది. తడి ఉండాలి కాని మడుగు కట్టకూడదు. ఇక్కడే కంపెనీల పరిశోధన మొదలైంది. వాళ్ల పని మెచ్చుకోదగ్గదే, కాస్త వివరంగా చెప్తాను.

ఇంగ్లండులో హల్ అనే రేవు పట్టణంలో 1856లో థామస్ జేమ్స్ స్మిత్ అనే మందుల వ్యాపారి ఒక దుకాణం పెట్టి, కాడ్ చేప కాలేయం నూనె అమ్మేవాడు. 1896లో ఆయన సోదరుడి కొడుకు వచ్చి కలిశాడు. అందుకే ఆ కంపెనీకి 'స్మిత్ అండ్ నెఫ్యూ' అని పేరు. ఆ కంపెనీ 1970లలో పాలియురెథేన్ అనే ప్లాస్టిక్కుతో ఒక పల్చని పొరను తయారుచేసి, 'ఆప్‌సైట్' పేరుతో మార్కెట్లో పెట్టింది. ఈ పొర గుండా నీటి ఆవిరి బయటికి పోతుంది. నీటిచుక్క గాని, సూక్ష్మజీవి గాని లోపలికి రాదు. జల్లెడలాగా దానికి చిల్లులు ఉంటాయనుకుంటున్నారా? లేవు. నీటి అణువులు ఒక్కొక్కటే ఆ ప్లాస్టిక్కులో ఇమిడి, అవతలి వైపు తేలతాయి. మామూలు సూక్ష్మజీవి నీటి అణువుకు కొన్ని వేల రెట్లు పెద్దది, దానికి ఆ దారి లేదు.

ఇంత చేసినా ఒక చిక్కు వచ్చింది. రసి ఎక్కువగా కారే పుండ్లమీద ఈ పొర వేస్తే, ఆవిరైపోయే దానికంటే ఊరేదే ఎక్కువై, పొర కింద నీటి బుడగలా నిలిచింది. డాక్టర్లు సిరంజితో తోడవలసి వచ్చేది. అప్పుడు రసిని పీల్చుకునే పదార్థాలకోసం వెతకడం మొదలుపెట్టారు. స్పంజిలాంటి నురుగు కట్లు వచ్చాయి. సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్ నారతో కట్లు వచ్చాయి. ఈ నార భలే తమాషా వస్తువు. దానిలోని కాల్షియం, రసిలోని సోడియం చోట్లు మార్చుకుంటాయి. పొడి నార కాస్తా జున్నులా మెత్తబడిపోయి తడిని పట్టి ఉంచుతుంది. 1990లలో అమెరికాలో పుండుమీద స్పంజి పెట్టి, పైన పొర అంటించి, పంపుతో గాలి లాగే పద్ధతి కూడా వచ్చింది. మన దేశంలో కొందరు సర్జన్లు ఆ ఖరీదైన యంత్రం బదులు శుద్ధి చేసిన మామూలు స్పంజి, ఆస్పత్రిలో ఉండే గొట్టాలు, పంపు వాడి అదే పని చేయిస్తున్నారు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

2023లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు సుమారు 10 కోట్ల 10 లక్షలమంది. మీ వీధిలోనే ఎంతమందో లెక్కపెట్టి చూడండి. ఈ వ్యాధి ఏళ్ల తరబడి ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. చెప్పులో రాయి ఉన్నా తెలియదు. అరికాలిలో పుండు పడుతుంది, అది నెలలు గడిచినా మానదు, చీము పట్టి ఎముకదాకా పోతే చివరకు కాలు తీసేయవలసి వస్తుంది. ఇలాంటి పుండ్లకోసం 1997లో అమెరికాలో ఒక లేపనం అనుమతి పొందింది. కణాలను పెరగమని పురికొల్పే ప్రోటీన్ అందులో ఉంటుంది. జన్యువుల్ని మార్చిన ఈస్టు కణాల చేత దాన్ని తయారుచేయిస్తారు. నిజంగా గొప్ప విజ్ఞానమే! పరీక్షల్లో ఒకదానిలో, 20 వారాలకు ఆ లేపనం రాసినవాళ్లలో నూటికి 50 మందికి పుండు పూర్తిగా మానింది, మందులేని ఉత్త లేపనం రాసినవాళ్లలో 35 మందికి మానింది.

ఇప్పుడు రాయవేలూరు వెళ్దాం రండి. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో 1946లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ చేరాడు. తమిళదేశంలో కొల్లిమలలలో పుట్టిన ఇంగ్లీషాయన. కుష్ఠురోగుల కాళ్లూ చేతులూ కుళ్లిపోతాయని ఆనాడు అందరూ నమ్మేవారు. ఒకరోజు తుప్పు పట్టిన తాళం ఒకటి ఆయనకు ఎంత తిప్పినా రాలేదట. బక్కపల్చని కుర్రవాడొకడు, కుష్ఠురోగి, చటుక్కున తిప్పేశాడు. చూస్తే వాడి వేలు ఎముకదాకా తెగి ఉంది. వాడికి ఆ సంగతే తెలియదు! మాంసం దానంతటది కుళ్లడం లేదు, నొప్పి తెలియక రోజూ వాళ్లే గాయం చేసుకుంటున్నారని బ్రాండ్ గ్రహించాడు. మీకూ నాకూ కాలు నొప్పి పెడితే కుంటుతాం. ఆ కుంటడమే మన వైద్యం. నొప్పి తెలియనివాడు పుండుమీదే అడుగేసి నడుస్తాడు.

అందుకని ఆయన పుండున్న కాలికి, విరిగిన కాలికి వేసినట్టు, పిండికట్టు వేశాడు. ఆయనకు ముందే సింహళంలోనూ మన దేశంలోనూ కొందరు డాక్టర్లు ఇలా చేసి చూశారు. పాదమంతటికీ అంటుకుని ఉండే ఆ కట్టులో బరువు ఒక్కచోట పడకుండా పరుచుకుంటుంది. రోగి నడుస్తూనే ఉంటాడు, పుండు మానుతూనే ఉంటుంది. తరవాత బ్రాండ్ అమెరికా వెళ్లాడు, ఈ పద్ధతి చక్కెర వ్యాధి పాదాలకూ వచ్చింది. 2001లో అక్కడ 63 మంది మీద జరిగిన పరీక్షలో, 12 వారాలకు పిండికట్టు వేసినవాళ్లలో నూటికి దాదాపు 90 మందికి పుండు మానింది. విప్పుకోడానికి వీలున్న బూటు తొడిగినవాళ్లలో 65 మందికే మానింది. ఆ తేడా ఎందుకో ఊహించగలరా? రోగుల నడుముకూ బూటుకూ అడుగులు లెక్కపెట్టే మీటర్లు పెట్టి చూస్తే, వాళ్లు వేసిన అడుగుల్లో నూటికి 28 మాత్రమే బూటుతో వేసినవని 2003లో తేలింది. ఇంట్లోకి రాగానే విప్పేస్తున్నారు! పిండికట్టును విప్పలేరు కదా.

ఈ 90నీ, లేపనం తాలూకు 50నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు సుమా. రోగులు వేరు, గడువు వేరు, పుండ్లు వేరు. పిండికట్టు కూడా నేర్చినవాళ్లే వేయాలి. చీము పట్టిన కాలికి, రక్తం సరిగా ఆడని కాలికి వేస్తే ప్రమాదం. కాని మరొక లెక్క చూడండి. 2008లో అమెరికాలో పాదాల పుండ్లకు వైద్యం చేసే కేంద్రాలను అడిగితే, ఎక్కువమంది రోగులకు పిండికట్టే వేస్తున్నామన్న కేంద్రాలు నూటికి 2 కూడా లేవు.

కారణాలు చాలా ఉన్నాయి. కట్టు వేయడానికి టైము పడుతుంది, వారంవారం మార్చాలి, రోగికి చిరాకు. నా ఉద్దేశంలో ఇంకొక కారణం కూడా ఉంది. పిండికట్టు పేరు చెప్పి డాక్టరు గదికి వచ్చే ఏజెంటు చాలాకాలం ఎవరూ లేరు. లేపనానికి ఉన్నాడు. తరవాత కొన్ని కంపెనీలు తేలికగా వేసే పిండికట్టు పెట్టెలు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాయి, అది మంచిదే. అయితే అమ్మగలిగే రూపం వచ్చేదాకా ఆ జ్ఞానం మూల కూర్చోవడం సబబేనా?

కంపెనీలను తిట్టమని నేననడం లేదు. ఆ పాలియురెథేన్ పొర ఒక్కటి తయారుచేయడానికి ఎంతమంది ఎన్నేళ్లు తలలు బద్దలు కొట్టుకుని ఉంటారు! లక్ష పొరలు తీసినా అన్నీ ఒకేలా, శుద్ధిగా ఉండాలంటే కంపెనీ వల్లనే అవుతుంది. కాని పెట్టిన డబ్బు తిరిగి రావాలి కనుక, దేన్ని అమ్మవచ్చో ఆ ప్రశ్నే వాళ్లు ముందు వేసుకుంటారు. అమ్మడానికి వీల్లేని ప్రశ్నల్ని ఎవరు వేస్తారు?

బొంబాయిలో ఇద్దరు ముగ్గురు వేశారు. 1985లో అక్కడి పిల్లల ఆస్పత్రి డాక్టర్లు ఉడికించిన బంగాళాదుంప తొక్కలతో కాలిన గాయాలకు కట్టు కట్టి చూసి, ఫలితాలు ప్రకటించారు. 2003లో సయాన్ ఆస్పత్రి నుంచి డాక్టర్ మాధురీ గోరే బృందం అరటాకును శుద్ధి చేసి అదే పనికి వాడి చూసింది. ఆకు మెరుపుగా, నున్నగా ఉంటుంది, పుండుకు అంటుకోదు, చెమ్మ పోనివ్వదు. తొక్కల కట్టుతో సమానంగా పనిచేసింది, తయారుచేయడం తేలిక, ఖర్చు ఇంకా తక్కువ. గాజుగుడ్డ అంటుకుపోయిన కాలిన గాయాన్ని విప్పుతుంటే పెట్టే కేకలు ఒక్కసారి విన్నవాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. (మీరు మాత్రం పెరట్లో ఆకు కోసి పుండుమీద వేసుకోకండి, శుద్ధి చేయని ఆకుమీద ఏముంటుందో మీకు తెలుసు.) ఇలాంటి పరిశోధనకు ఖర్చు పెట్టవలసింది మన ప్రభుత్వ ఆస్పత్రులూ, వైద్య కళాశాలలూ, ప్రజల డబ్బుతో నడిచే పరిశోధనా సంస్థలూ. అరటాకుకు పేటెంటు రాదు కాబట్టి ఎవరో కంపెనీవారు వచ్చి చేస్తారని చూస్తూ కూర్చుంటే ఎన్నటికీ రారు.

మీ మోకాలి సంగతికి వస్తే, కుళాయి కింద శుభ్రంగా కడిగి, సబ్బుతో చుట్టూ తోమి, శుభ్రమైన కట్టుతో కప్పి ఉంచండి. లోతుగా తెగినా, మట్టి దిగినా డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్న తాతగారో, నాయనమ్మగారో ఉంటే, ఈ సాయంత్రం వాళ్ల అరికాళ్లు చూడండి. ముసలివాళ్లకు వంగి చూసుకోవడం కష్టం, మీకు తేలిక. వేళ్ల సందులు కూడా చూడండి. ఎర్రగా ఉన్నా, పొక్కు కనిపించినా, ఆనె కట్టి దాని చుట్టూ రంగు మారినా, "నొప్పేం లేదురా" అని వాళ్లు అన్నా సరే, ఆస్పత్రికి తీసుకువెళ్లమని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.