ఒక్క రోజు పట్టాయా మానేయండి

ప్లేస్‌మెంట్ ఆఫర్ చేతికి రాగానే మన సీనియర్ల మొదటి ఫారిన్ ట్రిప్ దాదాపుగా థాయిలాండే. టికెట్ చవక, తిండికి ఇబ్బంది లేదు, మిగతా కారణాలు అందరికీ తెలిసినవే. దాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఐదు రోజుల ప్లాన్‌లో ఒక్క రోజు తీసి కాంచనబురి వైపు వెళ్లమని అడుగుతున్నాను. అక్కడ వెదురు అడవిలో, క్వాయ్ నోయ్ నది లోయ పైన, ఒక పాత రైలు దారి ఉంది. పట్టాలు పోయాయి, నడవడానికి బాట మిగిలింది.

1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్‌ని పట్టుకుంది. మన ఉత్తరాంధ్ర ముసలివాళ్లు ‘రంగం’ అనేది ఆ ఊరినే. అక్కడికి ఓడల్లో సరుకు పంపితే మిత్రరాజ్యాల సబ్‌మెరైన్ల భయం. అందుకని థాయిలాండ్ నుంచి బర్మాకి కొండల్లోంచి, అడవుల్లోంచి 415 కిలోమీటర్ల రైలుమార్గం వేశారు. 1942 మధ్యలో మొదలుపెట్టి 1943 అక్టోబర్‌కి రెండు కొసలూ కలిపేశారు. సివిల్ వాళ్లు లెక్క వేసుకోండి, రోజుకి ఎనిమిది వందల మీటర్ల పైచిలుకు. యంత్రాలు దాదాపు లేవు. మధ్యలో ఒక పూర్తి వానాకాలం.

చాలామంది టౌన్‌లో ఉన్న బ్రిడ్జి దగ్గర సెల్ఫీ దిగి తిరిగొచ్చేస్తారు. 1957 నాటి ఆ హాలీవుడ్ సినిమా తీసింది శ్రీలంకలో. ఇంకో తమాషా, ఆ బ్రిడ్జి కింద నది పేరు అప్పట్లో క్వాయ్ కాదు, మే క్లాంగ్. సినిమా చూసి వచ్చిన టూరిస్టులు క్వాయ్ ఎక్కడ అని అడుగుతుంటే, ఆ పాయకే పేరు మార్చేశారు! బ్రిడ్జి చూడండి, కానీ అక్కడితో ఆగిపోకండి.

టౌన్ నుంచి సుమారు ఎనభై కిలోమీటర్లు వెళ్తే హెల్‌ఫైర్ పాస్. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1998లో అక్కడ మ్యూజియం కట్టింది. దాని వెనక మెట్లు దిగితే కాలి కింద రైలు కంకర తగులుతుంది. కాస్త నడిస్తే కొండని నిలువునా చీల్చిన కోత వస్తుంది, 75 మీటర్ల పొడవు, 25 మీటర్ల లోతు. ఒకడు ఉలి పట్టుకుంటే ఇంకొకడు సమ్మెటతో కొట్టాలి. అలా కన్నం పడ్డాక డైనమైట్ పెట్టి పేల్చి, రాళ్లని చేతులతో, బుట్టలతో ఎత్తిపోయాలి. విరిగిపోయిన ఉలి ముక్క ఒకటి ఇప్పటికీ రాతిలో ఇరుక్కునే ఉంది. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. రాత్రిళ్లు వెదురు మంటల వెలుగులో పని చేయించేవారు, ఆ పేరు అందుకే వచ్చింది. ఈ కోతలో ఎక్కువ భాగం తవ్వింది ఆస్ట్రేలియా, బ్రిటిష్ యుద్ధ ఖైదీలు. చాలామంది టూరిస్టులు ఇక్కడినుంచే వెనక్కి తిరుగుతారు. మీరు ముందుకి నడవండి. ఇంకాసేపటికి చెట్లు పలచబడి కింద నది కనిపిస్తుంది.

ఇక నా గొడవ. కాంచనబురి టౌన్‌లో యుద్ధ ఖైదీల శ్మశానం ఉంది. 6,982 సమాధులు, కత్తిరించిన పచ్చగడ్డి, చాలా పలకల మీద పేరు, దళం, వయసు. 22, 24, 21. మన బ్యాచ్ వయసులే. మొత్తం అరవై వేల పైచిలుకు ఖైదీల్లో పన్నెండు వేల మందికి పైగా చనిపోయారు. మరి వాళ్లతోపాటు పనిచేసిన ఆసియా కూలీలు? దాదాపు రెండు లక్షల మంది, బర్మా వాళ్లు, జావా వాళ్లు, మలయా ఎస్టేట్ల నుంచి తెచ్చిన భారతీయులు. చనిపోయింది తొంభై వేల మంది అని ఒక అంచనా. అంచనాయే, ఎందుకంటే ఎవరూ రాసిపెట్టలేదు.

దీన్ని తెల్లవాళ్ల వివక్ష అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు. సైన్యానికి హాజరుపట్టీ ఉంటుంది. ఆఫీసర్లు చనిపోయినవాళ్ల పేర్లు దొంగచాటుగా రాసుకున్నారు. వాళ్లలో డాక్టర్లున్నారు, నీళ్లు కాచి తాగమని చెప్పేవాళ్లున్నారు. కూలీలకి ఎవరున్నారు? 1943 వానల్లో కలరా వచ్చినప్పుడు వాళ్ల క్యాంపులు ఊడ్చుకుపోయాయి.

ఆ భారతీయుల్లో ఎక్కువమంది తమిళులు. కానీ మలయా తోటల్లో విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ మలేషియాలో తెలుగు సంఘం నడుపుతున్నారు. పుస్తకాల్లో మాత్రం అందరూ కలిపి ‘తమిళ కూలీలు’. 1944లో జపాన్ సైన్యమే బ్రిడ్జి దగ్గర కట్టిన స్మారకం మీద తమిళం కూడా చెక్కారు. తెలుగు లేదు.

‘అది మలేషియా వాళ్ల సంగతి కదరా, మనకెందుకు?’ అన్నాడు నా రూమ్మేట్. కాదు. ఉత్తరాలు ఆగిపోయింది మన ఊళ్లలో. మా నాయనమ్మ పెదనాన్న సోంపేట వైపు నుంచి మలయా వెళ్లాడు. యుద్ధం అయ్యాక అదే తోటలో పనిచేసిన ఒకాయన తిరిగొచ్చి, ‘రైలు పనికి తోలుకెళ్లిపోయార్రా’ అన్నాడట. మా ఇంట్లో ఆయన గురించి ఉన్న సమాచారం ఆ ఒక్క మాటే. నాయనమ్మకి ఎనభై దాటాయి. ఆవిడ తర్వాత అది కూడా ఉండదు.

తమిళులు తమవాళ్ల గురించి రాసుకుంటున్నారు, పోరాడుతున్నారు. మనం కనీసం అడగొచ్చు. సంక్రాంతి సెలవులకి ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పెద్దవాళ్లని అడగండి. మన వంశంలో మలయా ఎవరైనా వెళ్లారా అని. మనిషి పేరు, ఊరు, తోట పేరు, ఆఖరి ఉత్తరం ఎప్పుడొచ్చింది. ఈ నాలుగు విషయాలు మన క్లబ్‌కి పంపితే ప్రతి సంచికలో ఒక పేజీ వేద్దాం, ఎడిటర్ ఒప్పుకున్నారు. అన్నీ దొరక్కపోయినా పంపండి. పేరు ఒక్కటే తెలిసినా సరే.