బెంగకు ఏ భాషలో మందు?

మనసు బాగాలేని విద్యార్థికి వైద్యుడి బదులు ఓ వెబ్‌సైటు పనికొస్తుందా? వినగానే నవ్వొచ్చే ప్రశ్నే గానీ, దీని వెనక పాతికేళ్ళ చరిత్ర ఉంది. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ వారు ముఖ్యంగా యువత కోసం 'మూడ్‌జిమ్' అనే స్వయంచికిత్సా కార్యక్రమాన్ని 2001లో అంతర్జాలంలో పెట్టారు. అమెరికాలో ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ సూత్రాలే దానికీ ఆధారం. పద్ధతి సూక్ష్మంగా ఇది: మనసును కుంగదీస్తున్న తలపును పట్టుకుని ఉన్నదున్నట్టు రాయాలి. అది నిజమనడానికి సాక్ష్యమేమిటి, కాదనడానికి సాక్ష్యమేమిటి అని మనల్ని మనమే విచారించుకోవాలి. చివరకు దాని పక్కన మరింత న్యాయమైన తలపును రాసుకోవాలి.

ఇది వట్టి ఊకదంపుడు కాదు. 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన 525 మంది పరీక్షలో, మూడ్‌జిమ్ వాడినవారికి దిగులు లక్షణాలు కొంత తగ్గాయి. కౌన్సిలర్ గది ముందు నిలబడితే నలుగురూ ఏమనుకుంటారోనని జంకే పిల్లవాడికి, అర్ధరాత్రి హాస్టలు గదిలో ఎవరికీ తెలియకుండా దొరికే ఈ సాయం తక్కువదేమీ కాదు.

అయితే ఆ పరీక్షలో గమనించవలసిన విషయం ఒకటుంది. పాల్గొన్నవారిని వారం వారం ఒక మనిషి పలకరించి, తరువాత ఏం చెయ్యాలో గుర్తుచేసేవారు. ఆ పలకరించినవారు వైద్యులు కారు, మామూలు మనుషులే. అదే కార్యక్రమాన్ని తమంతట తాముగా తెరిచిన మామూలు జనంలో చాలామంది తొలి భాగాల్లోనే ఆగిపోయారు. ఇందులో వింతేమీ లేదు. దిగులు ముందుగా తినేసేది ఓపికనే. ఓపిక లేనివాడిని 'నీ పాఠం నువ్వే పూర్తిచేసుకో' అంటే ఎలా?

రెండో సంగతి భాష. ఈ చికిత్సకు రాతే ప్రాణం, తలపును దాని సొంత మాటల్లోనే పట్టుకోవాలి. పరీక్ష తప్పిన మన పిల్లవాడి మనసులో మెదిలేది 'నాన్న చేసిన అప్పంతా బూడిదలో పోశాను' అన్న మాట. దానిని ఇంగ్లీషులోకి మార్చి పెట్టెలో నింపేసరికి అందులోని నాన్నా పోతాడు, అప్పూ పోతుంది, పేరులేని వైఫల్యమొకటి మిగులుతుంది. మనకు బెంగ వేరు, గుబులు వేరు, దిగులు వేరు. ఇల్లు వదిలి వచ్చినవాడి బెంగనూ, ఫలితాల ముందటి గుబులునూ ఒకే గాటన కట్టే ప్రశ్నావళి సగమే వింటుంది. మూడ్‌జిమ్‌ను నార్వీజియన్, జర్మన్ వంటి భాషల్లోకి తీసుకువెళ్ళారంటే, అక్కడివారు ఈ సంగతి గ్రహించారన్నమాట.

నాకున్న భయం మరొకటి. కాలేజీ యాజమాన్యాలు విద్యార్థులకు ఒక లింకు పంపి, తమ బాధ్యత తీరిందని చేతులు దులుపుకోవచ్చు. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమందీ అంతకు మించీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హతగల కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరుండాలన్నది వాటిలో ఒకటి. ఆ ఒక్కరికీ బదులుగా లింకును చూపించడం మోసమే అవుతుంది. ఆ ఒక్కరి చేతిలో అదే లింకు పనిముట్టు అవుతుంది.

కాబట్టి స్వయంచికిత్స వద్దని నేననను. అది తెలుగులో పుట్టాలంటాను, అనువాదంగా కాదు. మానసిక వైద్యులూ, తెలుగు వాక్యం తెలిసిన మనబోటివారూ కలిసి కూర్చుంటే అసాధ్యమేమీ కాదు. దానితోపాటు, వారానికొకసారి 'ఎంతవరకు వచ్చింది?' అని అడిగే మనిషి ఉండాలి. ఇక బతకాలని లేదన్న తలపు వచ్చినవారికి ఏ పాఠమూ చాలదు, వెంటనే మనిషే కావాలి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్‌లో, 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ అంకెలు ప్రతి హాస్టలు గోడ మీదా కనబడాలి.

తనకు తానే వైద్యుడు కావడం మంచి ఆదర్శమే. కానీ ఆ వైద్యుడికీ సొంత భాష కావాలి, పక్కన ఒక తోడు కావాలి.