'లో' అను చిన్నమాట

ఒక మహాగ్రంథకర్త హృదయమును తెలిసికొనవలెనన్న ఆయన వాడిన పెద్ద పెద్ద పదములనే వెదకవలెనని మనము తలంతుము. అది చాలదని అనుభవముచే గ్రహించినవాడు ఇటలీ దేశీయుడైన జెస్యూటు గురువు రాబర్టో బూసా. పదుమూడవ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త తామస్ అక్వైనాస్ రచనలలో 'సాన్నిధ్యము' అను భావమును గూర్చి ఆయన పరిశోధింప బూనెను. సాన్నిధ్యమునకు లాటినులో గల మాటలను వెదకగా లభించినది స్వల్పము. ఆ భావము 'ఇన్' అను చిన్న పదమును, అనగా మన 'లో', 'యందు' అను ప్రత్యయములవంటి దానిని, ఆశ్రయించి యున్నదని ఆయనకు తోచెను. అంతట ఆ పదము గల వాక్యములను చీటీలపై చేతితో వ్రాసికొనెను. ఆ చీటీలు 10,000!

ఈ శ్రమయే ఆయనను యంత్రమువైపు నడపినది. 1949లో బూసా అమెరికా వెళ్లి ఐ.బి.ఎం. సంస్థాధిపతి తామస్ వాట్సనును దర్శించి, అక్వైనాస్ రచనల కన్నిటికిని పదసూచిక నిర్మించుటకు సాయము కోరెను. నాటి యంత్రములు రంధ్రములు పొడిచిన కార్డులపై పనిచేయునవి. ఇటలీలో ఎందరో యువతులు కూర్చుండి ఆ కార్డులను సిద్ధపరచిరి. కార్యము ముగియుటకు సుమారు ముప్పది సంవత్సరములు పట్టెను. కోటికి పైగా పదములను వర్గీకరించిన ఆ సూచిక 1980 నాటికి 56 సంపుటములుగా వెలువడి, 2005లో ఇంటర్నెట్టున కెక్కినది. నేడు 'ఇన్' అను పదమును వెదకుటకు విద్యార్థికి ఒక్క క్షణము చాలును.

పదసూచికలు కొత్తవి కావు. పదుమూడవ శతాబ్దముననే పారిస్ నగరమందు డొమినికన్ సన్న్యాసులు బైబిలునకు సూచిక కూర్చిరి. 1737లో అలెగ్జాండర్ క్రూడెన్ అను నాతడు ఇంగ్లీషు బైబిలునకు ఒంటరిగా అట్టి పని నెరవేర్చెను. 1890లో జేమ్స్ స్ట్రాంగు ప్రకటించిన సూచికలో మూలభాషలైన హీబ్రూ, గ్రీకు పదములకు సంఖ్యలు నిచ్చుటచే, ఆ భాషలు రానివారికిని మూలపదమును పట్టుకొను మార్గమేర్పడెను. ఆ సంఖ్యలే నేటి సాఫ్ట్‌వేరునకును ఆధారములైనవి. కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్ అందించు 'స్టెప్ బైబిలు' వంటివి ఉచితముగనే లభించుచున్నవి. గ్రంథాలయము లేని పల్లెలోని తెలుగు సంఘకాపరి జేబులో నేడొక గ్రంథాలయమే యున్నది. దీనిని వలదనుట అవివేకము.

అయినను దొరకుట వేరు, తెలియుట వేరు. యోహాను సువార్త చివరి అధ్యాయమున, తనను ప్రేమించుచున్నావా యని యేసు పేతురును ముమ్మారు ప్రశ్నించును. మన తెలుగు బైబిలులో అన్నిచోట్లను 'ప్రేమించు' అను మాటయే గలదు. ఫోనులో మీటినచో, గ్రీకు మూలమున 'అగపావో', 'ఫిలేయో' అను రెండు క్రియలున్నవని తెలియును. వెంటనే బోధకుడు ఒకటి దైవప్రేమ, మరియొకటి స్నేహప్రేమ అని విభజించి గంటసేపు ప్రసంగించును. కాని అదే సువార్తలో తండ్రి కుమారుని ప్రేమించుచున్నాడని మూడవ అధ్యాయమున ఒక క్రియతోను, అయిదవ అధ్యాయమున రెండవ క్రియతోను చెప్పబడినది! అప్పుడా విభజన యేమగును? పదమునుండి సిద్ధాంతమును పిండరాదనియు, అర్థము వాక్యమునందున్నదనియు జేమ్స్ బార్ అను పండితుడు 1961లోనే హెచ్చరించెను. యంత్రము అడిగిన దానిని చూపును. అడుగవలసిన రెండవ ప్రశ్నను తోపింపవలసినది చదువరి మనస్సే.

ఇప్పుడు యంత్రము వెదకుటతో ఆగక ప్రసంగమును సైతము వ్రాయుచున్నది. 2023 జూనులో జర్మనీలోని ఫ్యూర్త్ నగరమున ఒక దేవాలయమందు చాట్‌జీపీటీ కూర్చిన ఆరాధనను తెరపై బొమ్మలు నడిపినవి. మూడువందలకు పైగా జనులు విచ్చేసిరి. వింతగా చూచుటకు అది తగినదే. కాని గడచినరాత్రి బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ముందు వరుసలో కూర్చున్నదని ఆ బొమ్మ యెరుగునా? ఎరిగిన కాపరియే యంత్రము వ్రాసిన దానిని తనదిగా చదివినచో, ఆమెకు కలిగిన నష్టమును ఏ భాషాసౌష్ఠవము తీర్చగలదు? బోధకుడు వాక్యముతో పెనగులాడిన జాడ వినువారికి తెలియకపోదు. అది లేనిచోట మాటలుండును, పలుకువాడుండడు.

ఈ విషయము దేవాలయమునకు మాత్రమే చెందినది కాదు. పాఠశాలలో వ్యాసము వ్రాయు బాలునకును, పాఠము సిద్ధపరచు ఉపాధ్యాయునకును ఇదియే పరీక్ష. నా మనవి యొక్కటే. మొదట గ్రంథమును సాంతముగా చదువుడు. సందేహమును మీ చేతితో కాగితముపై వ్రాసికొనుడు. పిమ్మట యంత్రమును అడుగుడు. అది మిగిల్చిన కాలమును మరల గ్రంథమునకే యిండు. కంప్యూటరు ప్రయోజనము శ్రమను తగ్గించుట మాత్రమే కాదనియు, పరిశోధనను లోతుపరచుటయనియు బూసాయే చెప్పియున్నాడు.

బూసాకు యంత్రము దొరకినది 1949లో. 'లో' అను చిన్నమాటను గూర్చిన ప్రశ్న అంతకు పూర్వమే, చదువుచుండగా, ఆయనకు తట్టినది. ఆ క్రమమును తలక్రిందులు చేయకుందుము గాక!