గెలిచిన ఒక్కరికేనా కూలి?

ఈ మధ్య మా కార్యాలయానికి వచ్చే ఉత్తరాల్లో, ఫోన్ సందేశాల్లో ఒక రకం ఆహ్వానం తరచుగా కనిపిస్తోంది. ‘మా సంస్థకు లోగో కావాలి. ఆన్‌లైన్‌లో పోటీకి పంపండి. గెలిచినవారికి బహుమతి, పాల్గొన్నవారందరికీ ప్రశంసాపత్రం.’ ప్రభుత్వ శాఖలు, బట్టల కంపెనీలు, చివరికి స్త్రీల హక్కుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలు కూడా ఇదే బాట పట్టాయి. మార్చి 8 పోస్టరుకూ పోటీయే, వార్షికోత్సవం సంచికి బొమ్మకూ పోటీయే. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ పని చేసినవాళ్లు ఎందరు, కూలి అందినవాళ్లు ఎందరు అని అడిగేవాళ్లే కనబడరు. స్త్రీల కనిపించని శ్రమ గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుతున్న మనమైనా ఆ ప్రశ్న అడగాలి.

ఒకరికి అప్పగించి, డబ్బిచ్చి చేయించుకోవలసిన పనిని బహిరంగంగా పిలుపునిచ్చి పదిమంది చేత చేయించుకోవడానికి 2006లో అమెరికా పత్రిక ‘వైర్డ్’లో జెఫ్ హౌ అనే విలేకరి ‘క్రౌడ్‌సోర్సింగ్’ అని పేరు పెట్టాడు. 2008లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మొదలైన ‘నైంటీనైన్ డిజైన్స్’ అనే సంస్థ డిజైన్ల పోటీలనే వ్యాపారంగా మలుచుకుంది. లోగో కావలసినవాడు పోటీ పెడతాడు, ప్రపంచం నలుమూలల నుంచి డిజైన్లు వస్తాయి, నచ్చినదానికి డబ్బిస్తాడు. మన దేశంలో 2014లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘మైగవ్’ వేదిక ఈ పద్ధతిని ఇంటింటికీ తెచ్చింది. స్వచ్ఛ భారత్ కళ్లజోడు గుర్తు అక్కడ పెట్టిన పోటీలో నుంచి వచ్చిందే.

లెక్క కట్టి చూద్దాం. రూపాయి గుర్తు కోసం 2009లో కేంద్రం పోటీ పెట్టింది. 3,331 డిజైన్లు వచ్చాయి. 2010లో డి. ఉదయకుమార్ గీసిన గుర్తును తీసుకుని 2.5 లక్షల రూపాయల బహుమతి ఇచ్చారు. ఆ మొత్తాన్ని వచ్చిన డిజైన్లన్నిటికీ పంచి చూస్తే ఒక్కోదానికి పడేది 75 రూపాయలు. ఒక దేశపు నాణేనికి గుర్తు గీసే గౌరవం కోసం పాల్గొన్నవాళ్ల సంగతి వేరనుకుందాం. ఒక చీరల కొట్టు, ఒక పచ్చళ్ల కంపెనీ తమ లాభం కోసం ఇదే పద్ధతి పాటిస్తే దాన్ని ఏమనాలి?

పాలమూరు కూలీల అడ్డాలు మనకు కొత్త కాదు. పొద్దున్నే యాభైమంది నిలబడతారు. మేస్త్రీ వచ్చి పదిమందిని ఏరుకుని తీసుకుపోతాడు. మిగిలిన నలభైమందికీ ఆ రోజు కూలి లేదు. అది అన్యాయమే. కానీ ఆ నలభైమంది చేత మట్టి మాత్రం తవ్వించలేదు. డిజైన్ పోటీలో యాభైమందీ కాలువ తవ్వాలి. తవ్వినవన్నీ చూసి, అందులో బాగున్న ఒక్క కాలువకే కూలి ఇస్తారు. దీన్ని వెట్టి అనలేం. దొర మనిషి కర్ర పట్టుకుని వచ్చి లాక్కుపోవడం లేదు, ఎవరిష్టంతో వాళ్లే వస్తున్నారు. కానీ గెలుస్తామనే ఆశను అడ్డం పెట్టుకుని పని చేయించుకుంటే ఆ పనికి విలువ కట్టనక్కర లేదా?

ఈ పోటీలవల్ల మేలు లేదని కాదు. హైదరాబాదులో పరిచయాలు లేనివాళ్లకు, పెద్ద కళాశాలలో ఫీజు కట్టలేనివాళ్లకు, ఇల్లు దాటి ఉద్యోగానికి వెళ్లనివ్వనివాళ్లకు ఇదొక కిటికీ. దేవరకొండలో కూర్చున్న అమ్మాయి బొమ్మను ముంబయిలో ఎవరో చూస్తారు. కులం, ఊరు, ఇంగ్లీషు అడ్డం రాకుండా పని ఒక్కటే మాట్లాడుతుంది. ఆ కిటికీని మూసెయ్యమని నేననను. లోపలికి పిలిచి పని చేయించుకున్నాక ఉత్తచేతులతో పంపే పద్ధతి గురించే నా అభ్యంతరం.

మన జిల్లాల్లో డిజైన్ అన్నది కొత్త మాటేమీ కాదు. పోచంపల్లి, పుట్టపాక, చౌటుప్పల్ ప్రాంతాల్లో గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, దారానికి చిటికి కట్టి, రంగులద్ది, నేసి బతికే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇటు గద్వాల, నారాయణపేట చీరల అంచులు దేశమంతా తెలుసు. ఈ పనిలో స్త్రీల వాటా ఎంత? 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో నేత, అనుబంధ పనుల్లో ఉన్న 35 లక్షల పైచిలుకు మందిలో 70 శాతానికి మించి స్త్రీలే. ఆసు పోయడానికి ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే పుట్టపాక కళాకారులు గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. అందరం సంతోషించాం. కానీ ఆసు పోసి, కండెలు చుట్టి, చిటికి కట్టిన ఆడవాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు? వాళ్లు చేసింది ‘ఇంట్లో సాయం’ కిందే పోయింది. పోటీలో ఓడినవాళ్లు చేసింది ఇప్పుడు ‘పాల్గొనడం’ కింద పోతోంది. రెండుచోట్లా కూలి ఎగ్గొట్టడానికి ముందు పని పేరు మార్చారు.

చౌటుప్పల్ ప్రాంతంలో ఒక సమావేశం అయ్యాక, నేత కుటుంబానికి చెందిన డిగ్రీ విద్యార్థిని ఒకామె నన్ను పక్కకు పిలిచి అడిగింది. ‘అక్కా, పోటీల గెలవకపోతే నా డిజైన్ నాదేనా, వాళ్లదైతదా?’ తండ్రి గళ్ల కాగితాల మీద నేర్చుకున్న అంచును తనదైన తీరులో మార్చి, ఫోన్లో గీసి, ఒక కంపెనీ పోటీకి పంపింది. గెలవలేదు. షరతులు చూస్తే తప్ప చెప్పలేనన్నాను. ఆమె ఫోన్లోనే చదివాను. ‘పంపిన ప్రతి డిజైన్‌పైనా సర్వహక్కులూ సంస్థవే’ అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. గెలిచిన డిజైన్ కాదు, పంపిన ప్రతి డిజైన్! ఒక్కదానికి వెలకట్టి వందల డిజైన్లు ఇంట్లో వేసుకోవడమన్నమాట.

చట్టం ఏమంటుందో కార్యకర్తలు తెలుసుకోవడం అవసరం. ‘అంగీకరిస్తున్నాను’ అన్నచోట వేలు నొక్కితే అది ఒప్పందం కావచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేసుకున్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని 2008లో సవరించిన ఐటీ చట్టం చెబుతోంది. అయితే 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే చెల్లుతుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. 57వ సెక్షన్ మరీ ముఖ్యం. హక్కులు ఇచ్చేసినా ‘ఇది నా పని’ అని చెప్పుకునే హక్కు చేసినవారికి ఉంటుంది.

చీర అంచులాంటి డిజైన్లకు 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. కానీ అంతకుముందే బహిరంగంగా ప్రచురితమైన డిజైన్‌ను కొత్తదిగా ఒప్పుకోరు. అందరికీ కనిపించేలా డిజైన్లు పెట్టే పోటీకి పంపితే, బహుమతి రాకపోగా రిజిస్ట్రేషన్ దారి కూడా మూసుకుపోవచ్చు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవయ్యేళ్లు దాటింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. అవి ఊరి పేరును, నేత పద్ధతిని కాపాడతాయి. ఒక అమ్మాయి నిన్న రాత్రి గీసిన కొత్త అంచును కాపాడవు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ‘గిరిజన కళ ఆధారంగా డిజైన్ పంపండి’ అని పోటీ పెడితే, మన తండాల్లో లంబాడీ స్త్రీలు అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టే కుట్టును ఎక్కడో ఎవరో బొమ్మగా గీసి ‘ఇది పూర్తిగా నా సొంతం’ అని రాసిచ్చి బహుమతి తీసుకోవచ్చు. ఊరంతటిదీ, జాతి అంతటిదీ అయిన జ్ఞానం ఒక్కరి పేరు మీదుగా కంపెనీ చేతికి పోతుంది. కుట్టిన ముసలమ్మకు ఆ పోటీ జరిగిందన్న సంగతి కూడా తెలియదు.

స్త్రీలకు మరికొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. ఓట్లతో నిర్ణయించే పోటీలో అమ్మాయి ఫోటో, పేరు, ఊరు బయట పెడతారు. పది గ్రూపుల్లో ఓట్లు అడుక్కోమంటారు. ఆ తర్వాత వచ్చే తెలియని ఫోన్లకు, ఇంట్లో పడే ఆంక్షలకు పోటీ పెట్టినవారి బాధ్యత ఉండదు. వంట, పశువులు, పిల్లలు అయ్యాక రాత్రి పదింటికి మొదలుపెట్టే ఆమెకు, రోజంతా ఖాళీగా కూర్చుని గీసే మగవాడికి గడువు మాత్రం ఒక్కటే. గెలిచినా డబ్బు తండ్రి ఖాతాలోనో, భర్త ఖాతాలోనో పడుతుంది.

చట్టంలోనైనా వీళ్లకు చోటుందా? 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ తొలిసారిగా గిగ్ కార్మికులను, ప్లాట్‌ఫాం కార్మికులను గుర్తించింది. కానీ అది గిగ్ కార్మికులుగా లెక్కించేది పనిలో పాల్గొని, దాని ద్వారా సంపాదించేవాళ్లను. పని చేసి కూడా సంపాదన లేనివాళ్లు ఆ నిర్వచనం బయటే నిలబడాలి. కూలి ఇవ్వకపోవడమే ఆమెను కార్మికురాలు కాకుండా చేస్తోంది!

ఏం చెయ్యాలి? ముందుగా మన సంస్థల్లో ఈ పద్ధతి పెడదాం. పోస్టరు కావాలంటే పాత పనులు చూసి ముగ్గురిని ఎంచుకుందాం. కొత్తగా గీయించే ప్రతి ఒక్కరికీ రోజు లెక్కన డబ్బు ఇద్దాం. నచ్చినదానికి పూర్తి ధర కడదాం. పోటీ పెట్టక తప్పకపోతే షరతులు తెలుగులో రాద్దాం. గెలవని డిజైన్ల మీద హక్కులు గీసినవారివేనని మొదటి వాక్యంలోనే చెబుదాం. వాటిని యంత్రాలకు నేర్పడానికి వాడబోమని కూడా రాద్దాం. అచ్చయిన ప్రతిచోటా చేసినవారి పేరు వేద్దాం. అనుమతి లేకుండా ఫోటో, ఫోన్ నంబరు బయట పెట్టొద్దు. డబ్బు ఆమె సొంత ఖాతాకే వెయ్యాలి. ఇవే షరతులు ప్రభుత్వ శాఖల పోటీలకూ పెట్టమని జిల్లాల నుంచి వినతిపత్రాలు పంపుదాం.

గ్రామాల్లో పనిచేసే మిత్రులకు మరొక మాట. కనీస కూలి గురించి, గృహహింస గురించి చెప్పే శిక్షణల్లో ఒక గంట దీనికీ కేటాయించండి. పంపేముందు గళ్ల కాగితాన్ని తేదీ వేసి దాచుకోమనండి, షరతులు చదివించుకోమనండి, సర్వహక్కులూ అడిగేచోట ఆగి ఆలోచించమనండి. ‘ఒక్క బొమ్మే కదా’ అనేవాళ్లకు ఆ బొమ్మ వెనక ఎన్ని గంటలున్నాయో ఆమె చేతే లెక్క చెప్పించండి. తన గంటలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టిన స్త్రీ కూలి అడగడానికి ఎంతోకాలం పట్టదు.