తిట్టు ఎవరికి తగిలింది?

సమంతా బీ అరుస్తుందట. అమెరికా టీవీలో రాత్రి పొద్దుపోయాక వచ్చే వార్తా వ్యంగ్య కార్యక్రమాలు చూసేవాళ్ళు చాలామంది చేసిన ఫిర్యాదు ఇది. 1999 నుంచి 2015 దాకా ‘డైలీ షో’లో జాన్ స్టూవర్ట్ గొంతు చించుకుంటే అది ధర్మాగ్రహం. అక్కడే పన్నెండేళ్ళు పనిచేసి, 2016లో సొంతంగా ‘ఫుల్ ఫ్రంటల్’ మొదలుపెట్టిన ఆడమనిషి గొంతు పెంచితే మాత్రం చెవులకి చిల్లులు!

అయితే 2018 మే నెలలో జరిగింది ఇంత తేలిగ్గా తేలేది కాదు. సరిహద్దు దాటి వచ్చిన తల్లిదండ్రుల నుంచి పిల్లల్ని లాక్కుంటున్న రోజులవి. ఇవాంకా ట్రంప్ తన కొడుకుని హత్తుకున్న ఫొటో పెట్టింది. మీ నాన్నకి చెప్పి ఇది ఆపించమంటూ బీ ఆమెని స్త్రీ మర్మాంగం పేరుతో తిట్టింది. కొన్ని కంపెనీలు ప్రకటనలు ఆపేశాయి. మర్నాడే ఆమె క్షమాపణ చెప్పింది. ప్రేక్షకులు రెండుగా చీలిపోయారు.

నోరు అదుపులో పెట్టుకోమన్నవాళ్ళ సంగతి సరే. (ఆడవాళ్ళకి ఆ మాట కొత్తా?) నా పేచీ, ఆ పదాన్ని మనం తిరిగి సొంతం చేసుకున్నాం కదా అని చప్పట్లు కొట్టిన స్త్రీవాదులతో. సొంతం చేసుకున్న పదంతో ఇంకో స్త్రీని కొట్టడమేమిటి? వైట్‌హౌస్ సలహాదారుగా ఇవాంకాని నిలదీయాల్సిందే. కానీ అమ్మా ఆలీ మీదుగా తప్ప తిట్టడం రాని తెలుగు మగవాళ్ళ మధ్య పెరిగినదాన్ని, నాకు అందులో కొత్త ఆయుధమేదీ కనిపించలేదు. విధానం తండ్రిది, తిట్టు కూతురి శరీరానికి!

వాదనంతా ఆ ఒక్క పదం చుట్టూనే తిరిగింది. జూన్ 20న ట్రంప్ వెనక్కి తగ్గి ఉత్తర్వు ఇచ్చేనాటికి విడదీసిన పిల్లలు రెండు వేలు దాటారు.