బెజవాడ కథ చెప్పడానికి గైడు అక్కరలేదు, బోర్డు చాలు

పటమట: ఊరికి చుట్టాలు వస్తే మనం ఎక్కడికి తీసుకుపోతాం? కనకదుర్గమ్మ గుడికి. తీరిక ఉంటే నది దాటి ఉండవల్లి గుహలకు. సాయంత్రం బీసెంటు రోడ్డులో బట్టల షాపులకు. అంతటితో బెజవాడ చూడడం పూర్తయిందంటాం. గుడికీ గుహలకూ వంక పెట్టేదేమీ లేదు. కాని ఈ ఊరు ఇంత ఊరు ఎట్లా అయినదో అక్కడ తెలియదు. అది తెలియాలంటే కాలువ గట్టు వెంబడి నడవాలి.

ఎనిమిదో తరగతి చదివే మా మనవడు బందరు కాలువను చూపి “తాతయ్యా, ఈ మురుగు కాలువ ఎక్కడ మొదలవుతుంది?” అని అడిగాడు. వాడి తప్పేమీ లేదు. గట్టున చెత్త, నీటిలో ప్లాస్టిక్ సంచులు చూసిన పిల్లవాడు మరేమనుకుంటాడు? మరుసటి ఆదివారం తెల్లవారుజామున వాడిని సిటీ బస్సులో బ్యారేజీ దాకా తీసుకుపోయి, అక్కడి నుంచి నడిపించుకుంటూ వచ్చాను. దారి పొడుగునా వాడికి నేనే బోర్డునయ్యాను. “ఇక్కడినుంచి అక్కడికి వెళ్ళండి, ఇది చూడండి” అని వరుసగా చెప్పే బోర్డు ఒక్కటీ నా కంటికి కనబడలేదు.

చెప్పడానికి సంగతులు లేకనా? 1832-33లో వచ్చిన డొక్కల కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే 5 లక్షల జనంలో సుమారు 2 లక్షల మంది పోయారు. పక్కన కృష్ణ పారుతుండగానే జనం ఆకలితో చచ్చారు. ఆ తరువాత ఇరవై ఏళ్ళకు గాని కంపెనీ ప్రభుత్వం కదలలేదు. కాటన్ దొర ఆలోచనతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852 నుంచి 1855 వరకు ఇక్కడ ఆనకట్ట కట్టారు. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. ఈ రెండింటి మధ్య నది ఇరుకు కావడమే ఆ చోటును ఎంచుకోవడానికి కారణం. ఆ ఆనకట్టకు 1952లో గండి పడగా, 1954లో మొదలుపెట్టి 1957లో ఇప్పటి బ్యారేజీని పూర్తి చేశారు. అదే ఏడాది కన్నుమూసిన ప్రకాశం పంతులుగారి పేరు దానికి పెట్టారు.

బ్యారేజీ నుంచి బయలుదేరిన నీరు కొద్ది దూరంలోనే ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువలుగా చీలుతుంది. మావాడు మురుగు కాలువ అన్నది వీటిలో ఒకటి. డెల్టా రైతు నారుమడి పోయడం ఈ కాలువల మీదనే ఆధారపడి ఉన్నది. ఒకనాడు ఇవే రహదారులు. కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలు బెజవాడ మీదుగానే పోయేవి.

గట్టు దిగి వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దాటితే గాంధీ కొండ. దీని పాత పేరు ఓర్ హిల్. ఆనకట్ట కట్టించిన ఆ కెప్టెన్ పేరే. 1968లో గాంధీ స్థూపాన్ని రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు. కొత్త పేరు సముచితమే. కాని పాత పేరు చెరిగిపోతే ఒక అధ్యాయమే పోతుంది. కొండ దిగితే రైల్వే స్టేషను. బెజవాడ మునిసిపాలిటీ అయినది 1888లో. మరుసటి ఏడాదే హైదరాబాదు వైపు నుంచి రైలు వచ్చింది. కాలువలు ధాన్యం తెచ్చాయి, రైలు దాన్ని దూరం తీసుకుపోయింది. బెజవాడ జంక్షన్ కథ ఇంతే.

గవర్నరుపేటలో 1911 నాటి రామ్మోహన గ్రంథాలయం ఉన్నది. 1914లో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి అధ్యక్షతన గ్రంథాలయ మహాసభ జరిగింది అక్కడే. అక్కడినుంచి బందరు రోడ్డు మీదికి వస్తే, విక్టోరియా రాణి జూబిలీకని 1887లో శంకుస్థాపన చేసిన మ్యూజియం. ఇప్పుడది బాపు మ్యూజియం. 1921లో బెజవాడ కాంగ్రెస్ సభలు కోటి రూపాయల తిలక్ నిధి, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలని నిర్ణయించాయి. పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చినదీ ఆ రోజుల్లోనే. రాణిగారి పేరున పునాది వేసిన భవనం పేరు మారడంలోనే ఒక పాఠం ఉన్నది.

“తెల్లదొరల గొప్పలు మనమెందుకు చెప్పుకోవాలి?” అని అడిగేవారున్నారు. గొప్పలు చెప్పమనడం లేదు. కరువును చూస్తూ ఊరుకున్నదీ వారే, శిస్తు రాబడి పడిపోయాక ఆనకట్ట కట్టించినదీ వారే. మట్టి మోసినది మాత్రం మన కూలీలు. బోర్డు మీద ఇదంతా రాయాలి.

కావలసినది పెద్ద ఖర్చేమీ కాదు. బ్యారేజీ మొదలు మ్యూజియం దాకా పది బోర్డులు, తెలుగులో. పాత పేరు, కొత్త పేరు, సంవత్సరం, నాలుగు వాక్యాలు, తరువాతి చోటుకు బాణం గుర్తు, ఎంత దూరమో. బస్టాండులోనూ, రైల్వే స్టేషనులోనూ ఒక కాగితం మీద అచ్చువేసిన పటం. ఎనిమిదో తరగతి పిల్లలను ఏడాదికొకసారి, కార్తీక మాసంలోనో మాఘంలోనో, మాస్టార్లు ఈ దారిన నడిపించాలి. నడవడానికి కాలిబాట మిగలాలి, గట్టున నాలుగు చెట్లు ఉండాలి. అవి లేకుండా బోర్డులు పెడితే చదివేవాడు ఉండడు.

ఈ నడక చివరి మజిలీ మా పటమటలోని సర్వోత్తమ భవనం కావాలి. కాళ్ళు నొప్పి పుడితే మ్యూజియం దగ్గర బస్సెక్కి రావచ్చు. 1985 దాకా వేరే పంచాయతీగా ఉన్న పటమటకు నగర చరిత్రలో చోటెందుకంటారా? గ్రంథాలయ సంఘం కార్యాలయం ఇక్కడే ఉన్నది. ఆ సంఘాన్ని ఏళ్ళ తరబడి మోసిన పాతూరి నాగభూషణంగారు 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి పల్లెలకు పంపారు. ఆ రోజుల్లో కాలువ పంటకు నీరు, పల్లెకు పుస్తకం తెచ్చింది. ఈ సంగతి చదివిన పిల్లవాడు అందులో చెత్త వేయడానికి ఒక్క క్షణమైనా ఆలోచిస్తాడు.

బాధ్యులు వెంటనే శ్రద్ధ వహించాలి. పది బోర్డులూ ఒకేసారి కుదరకపోతే మొదటిది బందరు కాలువ గట్టున పెట్టండి. ఇది మురుగు కాలువ కాదని రాయండి.